ఆగినప్పుడే పడుతున్న బండి

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. 24 ఏళ్లుగా పెద్ద టూరింగ్ మోటార్‌సైకిల్ మీద దూరప్రయాణాలు చేస్తున్నాను. చాలాసార్లు నా భార్య కూడా వెనక కూర్చుని వచ్చేది. నిరుడు నా ఎడమ మోకాలికి కీలు మార్పిడి జరిగింది. బండి నడపవచ్చని డాక్టరు చెప్పారు. కానీ ఆ తర్వాత రెండుసార్లు బండితో సహా పడ్డాను. రెండుసార్లూ బండి ఆగేటప్పుడే. రెండోసారి నా భార్య కూడా పడింది. దెబ్బలు తగలలేదు గానీ అప్పటి నుంచి ఆమె బండెక్కడం లేదు. మూడు చక్రాలదైతే వస్తానంటోంది. మా అబ్బాయి అసలు మానేయమంటున్నాడు. ఒక మిత్రుడు నా బండికే వెనక రెండు చక్రాల కిట్ బిగించుకోమంటున్నాడు. ముందు రెండు చక్రాలవి, వెనక రెండు చక్రాలవి, ఒరిగేవి, ఒరగనివి అని తలా ఒక మాట చెబుతున్నారు. ఏది తీసుకోవాలి? మలుపులో ఒరగడమే లేకపోతే ఇక మోటార్‌సైకిల్ నడపడంలో ఏముంది? ఇది ఓడిపోవడం కాదా?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన మాట, 'రెండుసార్లూ బండి ఆగేటప్పుడే' అన్నది. మీరు మలుపులో పడలేదు. వేగంలో పట్టు తప్పలేదు. తడిరోడ్డు మీద జారలేదు. అంటే మీ చూపు, చెయ్యి, అంచనా ఇప్పటికీ బాగానే ఉన్నాయి. కొరవడింది ఒక్కటే, ఆగిన బండిని నిలబెట్టే ఎడమకాలి బలం. ఏ బండి తీసుకోవాలన్న నిర్ణయమంతా ఆ కాలి చుట్టూనే తిరగాలి. మిగతావాళ్లు చెప్పే సలహాలను కూడా దానితోనే తూచండి.

పెద్ద టూరింగ్ బండి ఒక్కటే 350 నుంచి 400 కిలోలు తూగుతుంది. మీ ఇద్దరి బరువు, సామాను పెట్టెలు కలిస్తే 500 దాటుతుంది. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువును నేలే మోస్తుంది కాబట్టి మీకు తెలియదు. కాలు పెట్టిన చోట కాస్త ఇసుకో, పల్లమో ఉందనుకోండి, బండి కొద్దిగా అటు ఒరుగుతుంది. ఆ క్షణం నుంచి బరువు మీ కాలి మీదికి రావడం మొదలవుతుంది. ఒరిగిన కొద్దీ పెరుగుతుంది. ఒక హద్దు దాటితే పాతికేళ్ల కుర్రవాడైనా ఆపలేడు. మీ కాలికి ఆ హద్దు కాస్త ముందుకు జరిగింది, అంతే. కాబట్టి ఆ రెండు పడిపోవడాలనూ మీ చేతకానితనం కింద రాసుకోకండి.

మూడు చక్రాల సంగతికి వచ్చే ముందు, ఒక మాట చెప్పాలి. మీరు ఒంటరిగా తిరిగేవారైతే, తక్కువ సామానుతో వెళ్లేవారైతే, సీటు ఎత్తు తక్కువగా ఉండి 200 కిలోల లోపు తూగే బండి తీసుకోమని చెప్పి ఉత్తరం ఇక్కడితో ముగించేవాణ్ని. సగం బరువున్న బండి సగం సమస్యను అక్కడికక్కడే తీర్చేస్తుంది. కానీ మీరు మీ శ్రీమతితో కలిసి వెళ్లాలనుకుంటున్నారు, ఆమె మూడు చక్రాలే అంటున్నారు. ఆమె ఒకసారి పడ్డారు. ఆ భయాన్ని తక్కువ బరువు బండితో పోగొట్టలేం. అందుకని మూడు చక్రాల సంగతే చూద్దాం.

మీకు ఒరగడం ఇష్టం కాబట్టి, ఒరిగే మూడు చక్రాల బండి ఉందని తెలియగానే మనసు అటే లాగుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 2018లో అమ్మకానికి వచ్చిన యమహా నైకెన్‌నే తీసుకోండి. ముందు రెండు చక్రాలు, 847 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్, 45 డిగ్రీల దాకా ఒరిగే ఫోర్కులు, అంటే ముందు చక్రాలను పట్టి ఉంచే గొట్టాలు. ముందు టైర్లు రెండు ఉండటం వల్ల తడి మీద, కంకర మీద దాని పట్టు గొప్పగా ఉంటుంది. మలుపులో రెండు చక్రాల బండికీ దానికీ తేడా తెలుసుకోవడమే కష్టం. అయితే ఆగినప్పుడు అది తనంతట తాను నిలబడదు. దాదాపు 263 కిలోల బరువును మామూలు బండిలాగే కాలు ఆనించి మోయాలి. మీరు పడుతున్నది సరిగ్గా ఆ చోటే కదా! చక్రాలు మూడు ఉన్నంత మాత్రాన బండి నిలబడుతుందని అనుకోకూడదు.

ఒరిగేవాటిలో ఆగినప్పుడు నిలబడేవి కూడా ఉన్నాయి. 2006 నుంచి వస్తున్న పియాజియో ఎంపీ3 అలాంటిది. వేగం బాగా తగ్గాక ఒక మీట నొక్కితే ముందు చక్రాల ఒరిగే యంత్రాంగం బిగుసుకుపోతుంది, కాలు దించకుండానే కూర్చోవచ్చు. చక్కటి ఆలోచన. కానీ అది స్కూటర్. ఊళ్లో తిరగడానికి, ఒక మాదిరి దూరాలకు బాగుంటుంది. పెద్ద పెట్టెలతో, ఇద్దరు మనుషులతో రోజుల తరబడి సాగే ప్రయాణాలకు 24 ఏళ్లు టూరింగ్ బండి మీద కూర్చున్న మీకు అది ఇరుకనిపిస్తుంది. ఒకసారి ఎక్కి చూడండి, నష్టం లేదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ మీట నొక్కడం మరిచిపోతే బండి తనంతట నిలబడదు, నొక్కేటప్పటికే ఒరిగి ఉంటే ఆ ఒరిగిన తీరులోనే బిగుస్తుంది.

ఇక మిగిలినవి ఒరగనివి. మీ మోకాలికి పూర్తి విశ్రాంతి ఇచ్చేవి ఇవే. వీటిలో రెండు జాతులున్నాయి. వెనక రెండు చక్రాలున్న వాటిలో బాగా పేరున్నది హార్లీ-డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్, 2009 మోడల్‌గా వచ్చింది. ముందు రెండు చక్రాలున్న వాటిలో 2007లో కెనడాకు చెందిన బీఆర్‌పీ తెచ్చిన కెన్-ఆమ్ స్పైడర్. వీటి తేడా చక్రాల అమరికతో ఆగదు, నడిపేవారి పనే మారిపోతుంది.

మలుపులో బ్రేకు వేశారనుకోండి. బరువంతా ముందుకు, బయటివైపుకు తోసుకొస్తుంది. ముందు రెండు చక్రాలుంటే ఆ బరువు వచ్చి పడే చోట ఒక చక్రం కాచుకుని ఉంటుంది. ముందు ఒకే చక్రం ఉంటే ఆ మూల ఖాళీ, బండి ఆ ఖాళీ వైపే ఒరగాలని చూస్తుంది. అందుకే వెనక రెండు చక్రాలున్న బండి మీద మలుపుకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు పని పూర్తి చేసుకోవాలి. మలుపులో ఎక్సిలరేటర్ కొద్దిగా ఇస్తూ ఉంటే అది నిబ్బరంగా ఉంటుంది. ముందు రెండు చక్రాలున్న బండికీ తిన్నగా ఉన్నప్పుడు బ్రేకు వేయడమే మంచి అలవాటు, కానీ మలుపు మధ్యలో ఏదైనా అడ్డు వచ్చి మనిషి ఉలిక్కిపడి బ్రేకు నొక్కితే అది ఎక్కువగా క్షమిస్తుంది. ఉలిక్కిపడని మనిషి ఎవరూ ఉండరు, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక తేడా కంటికి సంబంధించింది. ముందు రెండు చక్రాలుంటే బండి వెడల్పు మీ కళ్ల ఎదుటే ఉంటుంది. వెనక రెండు ఉంటే ముందు సన్నగా, మీకు అలవాటైన మోటార్‌సైకిల్‌లాగే కనిపిస్తుంది. వెడల్పంతా మీ వెనక ఉంటుంది. 24 ఏళ్ల అలవాటు మీకు సందు సరిపోతుందని చెబుతుంది, ముందు చక్రం సాఫీగా దాటుతుంది, వెనక చక్రం గట్టుకు తగులుతుంది. పార్కింగ్ స్తంభాలకు రాసుకుపోయిన ట్రైకులు, అంటే ఇలాంటి మూడు చక్రాల బళ్లు, నేను చాలా చూశాను, అన్నీ వెనకవైపే.

మూడో తేడా మీ ఎడమకాలిది. బండి ఆగబోతుంటే మీ ప్రమేయం లేకుండానే ఆ కాలు కిందికి దిగుతుంది. రెండు చక్రాల మీద అది మంచి అలవాటు. వెనక రెండు చక్రాలున్న బండి మీద, ఇంకా కదులుతుండగా కాలు దించితే పాదానికి సరిగ్గా వెనక ఉన్నది వెనక చక్రం. అది పాదం మీదికి ఎక్కుతుంది. ఆపరేషన్ జరిగిన మోకాలు ఆ మెలికను తట్టుకోలేదు. ముందు రెండు చక్రాల బండిలో వెనక చక్రం నడుమ ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం చాలా తక్కువ, అయినా అక్కడ కూడా కాలు దించకూడదు. మొదటి రోజు మీరు నేర్చుకోవలసిన మొదటి విద్య ఇదే. బండి ఆగాక కూడా రెండు పాదాలూ పలకల మీదే ఉండాలి. తేలికగా అనిపిస్తుంది గానీ కొన్ని వందలసార్లు ఆగితే తప్ప కాలు మాట వినదు.

ఎడమ మోకాలి గురించే ఇంకొక మాట. గేర్లు మార్చడానికి పాదాన్ని పైకి లేపడం, కిందికి నొక్కడం కూడా ఆ కాలి పనే. స్పైడర్ టూరింగ్ రకాల్లో క్లచ్ లేని ఆరు గేర్ల అమరిక ఉంది. ఎడమచేతి బొటనవేలితో గేరు పెంచుతారు, చూపుడువేలితో తగ్గిస్తారు, బండి నెమ్మదిస్తే తగ్గడం దానంతట అదే జరుగుతుంది. వెనక్కి నడిపే గేరు కూడా ఉంది. అంటే ఆ కాలికి ఇక ఏ పనీ ఉండదు. అయితే ఆ బండిలో చేతి బ్రేకు ఉండదు. కుడిపాదం కింద ఉన్న ఒకే పెడల్ మూడు చక్రాలనూ పట్టి ఆపుతుంది. ఇన్నేళ్లూ ప్రాణాలు కాపాడిన మీ కుడిచేతి రెండు వేళ్లు అవసరం వచ్చినప్పుడు లేని మీట కోసం వెతుకుతాయి. ఆ అర సెకను చాలా విలువైనది. కాబట్టి ఆ బండి తీసుకుంటే, ఖాళీ చోట గట్టిగా బ్రేకు వేయడాన్ని పాదానికి నేర్పించిన తర్వాతే రోడ్డెక్కాలి. మీ కుడి మోకాలు ఎలా ఉందో మీరు రాయలేదు. అది కూడా అరిగి ఉంటే ఈ విషయం డాక్టరుతో ముందే మాట్లాడండి.

ఇప్పుడు అసలు కష్టానికి వస్తాను. మిగతావన్నీ పక్కన పెట్టినా ఇది మాత్రం శ్రద్ధగా చదవండి.

రెండు చక్రాల మీద కాస్త వేగం అందుకున్నాక కుడికి తిరగాలంటే మనం ఏం చేస్తాం? కుడి హ్యాండిల్‌ను ముందుకు నొక్కుతాం. చక్రం క్షణకాలం ఎడమకు తిరుగుతుంది, బండి కుడికి ఒరుగుతుంది, ఒరిగిన వైపే మలుపు తీసుకుంటుంది. దీన్నే కౌంటర్ స్టీరింగ్ అంటారు. చాలామంది తెలియకుండానే చేస్తారు. ఒరగని మూడు చక్రాల మీద ఇది పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ కుడి హ్యాండిల్ ముందుకు నొక్కితే చక్రం ఎడమకు తిరుగుతుంది, బండి ఎడమకే పోతుంది. కుడికి వెళ్లాలంటే ఎడమచేతితో నెట్టి కుడిచేతితో లాగాలి.

ఆరేళ్ల కిందట నేను మొదటిసారి ట్రైక్ ఎక్కినప్పుడు ఈ సంగతి నాకు తెలుసు. చదివాను, విన్నాను, నలుగురికి చెప్పాను కూడా. ఒక ఖాళీ మైదానంలో మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాను, ఏ ఇబ్బందీ లేదు. నడక వేగంలో రెండు చక్రాల బండి కూడా హ్యాండిల్ తిప్పిన వైపే తిరుగుతుంది కాబట్టి చేతులకు తేడా తెలియలేదు. వేగం నలభై దాటాక కుడివైపు మలుపు కోసం కుడిచెయ్యి నొక్కాను. బండి ఎడమకు పోయింది. ఎడమకు పోతోందని చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. బండి ఇంకా ఎడమకు పోయింది. మైదానం కాబట్టి గడ్డిలోకి వెళ్లి ఆగాను. అదే రోడ్డయితే ఎదుటి వాహనాల వరసలోకి వెళ్లేవాణ్ని. తెలిసిన విషయం చేతిదాకా రావడానికి సమయం పడుతుందని ఆ రోజు అర్థమైంది. తప్పును సరిదిద్దుకోబోతూ అదే తప్పును ఇంకా గట్టిగా చేస్తామనేదే ఇందులో భయపడవలసిన విషయం.

అందుకే మీకు ఒక నియమం పెడుతున్నాను. కొత్త బండి వచ్చాక మొదటి రెండు మూడు నెలలు పాత బండి ముట్టుకోవద్దు. ఉదయం ఇది, సాయంత్రం అది అని నడిపితే చేతులకు ఏ భాషా నిలవదు. మూడు చక్రాల అలవాటు బాగా దిగాక రెండూ నడపగలిగేవారు ఉన్నారు, నేనూ నడుపుతాను, కానీ ఒకటి కుదురుకోకుండా రెండోది కలపకూడదు. శిక్షణ దొరికితే తప్పక తీసుకోండి. అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ మూడు చక్రాల బళ్లకు విడిగా పాఠ్యక్రమం నడుపుతోందంటే, అనుభవజ్ఞులకు కూడా ఇది కొత్త విద్యేనని దాన్ని నడిపేవారికి తెలుసు కాబట్టే. మీకు దగ్గరలో అలాంటిది లేకపోతే ఒక ఖాళీ చోటు, నాలుగు పాత డబ్బాలు చాలు. బండి వెడల్పుకు ఒక జానెడు ఎక్కువ దూరంలో రెండేసి డబ్బాలు పెట్టి వాటి మధ్యనుంచి ముందుకీ వెనక్కీ పోనివ్వండి. ఎనిమిది అంకె వేయండి. నలభైలో తిన్నగా వెళుతూ ఉన్నట్టుండి ఆపండి. అన్నిటికన్నా ముఖ్యం, నలభై, యాభైలో ఉన్నట్టుండి పక్కకు తప్పుకోవడం. పాత అలవాటు బయటపడేది అక్కడే. బయటపడాల్సింది కూడా అక్కడే, రోడ్డు మీద కాదు.

ఇక మీ శ్రీమతి సంగతి. ఆమె ఊహిస్తున్నది సగం నిజం. బండెక్కేటప్పుడు, దిగేటప్పుడు అది కదలదు, ఊగదు. ఆగినప్పుడు మీ కాలి మీద ఆమె ప్రాణం ఆధారపడదు. ఆ నిశ్చింత ఆమెకు పూర్తిగా దక్కుతుంది. రెండో సగం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. రెండు చక్రాల బండి మలుపులో ఒరుగుతుంది కాబట్టి కూర్చున్నవారి బరువు ఎప్పుడూ సీటులోకే దిగుతుంది. వెనక కూర్చుని కునుకు తీసేవాళ్లు కూడా ఉన్నారు. ఒరగని బండి మీద మలుపు మనిషిని బయటికి తోస్తుంది. ఎంత బలంగానో లెక్క వేసి చూపిస్తాను. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తీసుకుంటే మీ పాత బండి దాదాపు 30 డిగ్రీలు ఒరిగి హాయిగా వెళ్లిపోతుంది. అదే మలుపులో అదే వేగంతో ఒరగని బండి వెళితే 70 కిలోల మనిషిని దాదాపు 40 కిలోల బలం పక్కకు తోస్తుంది. వేగం 45కు తగ్గిస్తే అది 22 కిలోలకు పడిపోతుంది. వేగం పావు వంతు తగ్గితే తోపు దాదాపు సగమవుతుంది, ఎందుకంటే ఈ బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది.

ఆ 40 కిలోల తోపులో మీకు పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంది, మలుపు రాబోతోందని ముందే తెలుసు. ఆమెకు రెండూ లేవు. కాబట్టి వెనక సీటుకు వీపు ఆనించే దిండు, రెండు పక్కలా చేతులు ఆనించే పట్టీలు ఉన్న బండే చూడండి. మలుపుకు ముందు ఆమెకు తెలిసేలా ఒక మాటో, సంజ్ఞో పెట్టుకోండి. మీరు మలుపు లోపలి వైపుకు భుజం వంచితే ఆమె కూడా అటే వంగాలి. ముందు చక్రాలో వెనక చక్రాలో, లోపలి చక్రం లేవకుండా ఉండటానికి ఆ బరువు నిజంగా ఉపయోగపడుతుంది. లోపలి చక్రం తేలికైనట్టు అనిపిస్తే ఎక్సిలరేటర్ మెల్లగా తగ్గించి, చోటుంటే హ్యాండిల్‌ను కాస్త తిన్నగా రానివ్వాలి. స్పైడర్ లాంటి వాటిలో ఈ పరిస్థితి రాకముందే కంప్యూటర్ కలగజేసుకుని శక్తి తగ్గిస్తుంది, ఒక్కో చక్రాన్ని విడిగా బ్రేకు పట్టి ఆపుతుంది. మొదటిసారి ఆ కుదుపుకు ఆమె భయపడతారు, అది బండి లోపం కాదని ముందే చెప్పి ఉంచండి.

మీ మిత్రుడు చెప్పిన కిట్ గురించి నా అభిప్రాయం అంత అనుకూలంగా లేదు. హోండా గోల్డ్‌వింగ్ లాంటి పెద్ద బళ్లకు ఇలాంటి మార్పులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు, బాగా చేసినవి బాగానే నడుస్తాయి. మీకు మీ బండి మీద ప్రేమ ఉందని, అది వదులుకోలేకే ఈ దారి చూస్తున్నారని కూడా అర్థమవుతోంది. కానీ కిట్ బిగించాక అది మీ బండి కాదు. ఇంజన్ చప్పుడు, సీటు, అద్దాలు పాతవే ఉంటాయి, నడక మాత్రం పూర్తిగా వేరు. నిజానికి పాత రూపం పాత అలవాట్లనే పిలుస్తుంది, చెయ్యి పాతవైపే నొక్కుతుంది. పైగా రెండు చక్రాల బండి ఫ్రేము, ముందు ఫోర్కు మలుపులో పక్కనుంచి వచ్చే ఇంత తోపు కోసం చేసినవి కావు. ఫోర్కును మరికొంత వాల్చి ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ, చక్రం నేలను తాకే చోటుకూ మధ్య దూరం) తగ్గించే క్లాంపులు లేకపోతే హ్యాండిల్ విపరీతంగా బరువెక్కుతుంది, గంట నడిపేసరికి భుజాలు లాగేస్తాయి. కిట్టే కావాలని నిశ్చయించుకుంటే ఆ క్లాంపులు, వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్, పార్కింగ్ బ్రేకు, వెనక్కి నడిపే ఏర్పాటు నాలుగూ ఉన్నదే తీసుకోండి. డబ్బు కట్టకముందే రిజిస్ట్రేషన్ అధికారులతోనూ బీమా సంస్థతోనూ మాట్లాడి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మార్చిన బండిని ఒప్పుకోని బీమా ఉన్నా లేనట్టే. లైసెన్సు నియమాలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. యూరప్‌లో పక్కపక్కన ఉన్న రెండు చక్రాల మధ్య దూరం 460 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే వాటిని ఒకే చక్రంగా లెక్కిస్తారు, ఆ లెక్కలో నైకెన్ మోటార్‌సైకిలే. మీకు ఏది వర్తిస్తుందో కొనకముందే తేల్చుకోండి.

రోడ్డు మీద మారే చిన్న విషయాలు కూడా ఉన్నాయి. ఇంతవరకూ మీకు ఒకే జాడ ఉండేది, గుంతను పక్కనుంచి తప్పించేవారు. ఇప్పుడు మూడు జాడలు. ఒక చక్రాన్ని తప్పిస్తే ఇంకొకటి పడుతుంది, కాబట్టి ఏ చక్రం పడితే తక్కువ నష్టమో చూసుకుని పోనివ్వడం నేర్చుకోవాలి. రోడ్డు అంచు వైపుకు వాలుగా ఉంటే బండి అటు లాగుతూ ఉంటుంది. ట్రాఫిక్‌లో సందుల్లోంచి ముందుకు వెళ్లడం ఇక లేదు. ఏటవాలు మీద గేరులో పెట్టి దిగిపోవడం కాకుండా పార్కింగ్ బ్రేకు తప్పక వేయాలి. టైరులో గాలి బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినంతే ఉండాలి, పాత బండి లెక్క పనికిరాదు. హెల్మెట్టు, జాకెట్టు, చేతి తొడుగులు ఏవీ తగ్గించకండి. మూడో చక్రం బండి పక్కకు పడిపోకుండా చూస్తుంది, ఎదుటివాడు వచ్చి గుద్దితే అది చేయగలిగింది ఏమీ లేదు. ఈ మాట మీ అబ్బాయికి కూడా చెప్పండి, ఆయన భయం అర్థం లేనిది కాదు. ఒకరోజు మీరు ఖాళీ చోట సాధన చేస్తుంటే రమ్మనండి. మానేయమనడమా వద్దా అన్నది ఆయన చూశాక మాట్లాడుకోవచ్చు.

ఓడిపోవడం అన్నారు. మూడు చక్రాల మోటార్‌సైకిల్ వయసు మీరినవారి ఓదార్పు కోసం పుట్టింది కాదు. హార్లీ-డేవిడ్‌సన్ 1932లో సర్వీ-కార్ అని ఒకటి మొదలుపెట్టింది. గ్యారేజీ మనిషి దాని మీద కారు యజమాని ఇంటికి వెళ్లి, దాన్ని ఆ కారు వెనక తగిలించి కారుతో సహా తిరిగి వచ్చేవాడు. వెనక రెండు చక్రాలుండటం వల్ల అది పడకుండా వెంట వచ్చేది. తర్వాత పోలీసులు వాడారు, సరుకులు చేరవేసేవారు వాడారు, 1973 దాకా తయారైంది. పని ఏమిటో చూసి చక్రాల లెక్క పెట్టుకున్నారు. మీరు కూడా అదే చేస్తున్నారు.

ఒరగడం గురించి మాత్రం మీకు తియ్యటి మాట చెప్పలేను. పోతుంది. మలుపులు వరుసగా వచ్చే కొండదారిలో బండి, మీరు కలిసి అటూ ఇటూ ఒరుగుతూ ఎక్కుతుంటే కడుపులో కలిగే ఆ తేలిక ఒరగని బండి ఇవ్వదు. ఇంకో రకం ఆనందం ఉందంటారు, ఉంది కూడా, కానీ అది దీనికి బదులు కాదు. నాకు మొదటి ఏడాది చాలా వెలితిగా ఉండేది. ఆ బాధను దాచుకోవలసిన అవసరం లేదు, 24 ఏళ్లు ప్రేమించిన దాన్ని వదులుతున్నప్పుడు అలాగే ఉంటుంది. మరి మిగిలేది ఏమిటని అడిగితే, గాలి, దూరం, వాన ముందు వచ్చే మట్టి వాసన, పొద్దున్నే ఖాళీ రోడ్డు, వెనక సీటులో మీ మనిషి. ఇంకొకటి నేను అనుకోకుండా సంపాదించుకున్నది. బండి ఆగబోయే ప్రతి చోటా 'ఇక్కడ నేల ఎలా ఉంది, కాలు ఎక్కడ పెట్టాలి' అన్న లెక్క నా తలలోంచి పోయాక, చుట్టూ చూడటం మొదలుపెట్టాను. అన్నేళ్లూ ఆ లెక్క ఎంత మనసు తినేసిందో అది పోయాక గాని తెలియలేదు.

ఒరగడం లేనిదే బతకలేనని మీకు మూడు నెలల తర్వాత కూడా అనిపిస్తే, 150 కిలోల చిన్న బండి ఒకటి ఒంటరి ప్రయాణాలకు పెట్టుకోండి. అంత బరువును మీ కాలు మోయగలదేమో డాక్టరుతో మాట్లాడి, ఆగి ఉన్న బండి మీద ఎవరినైనా పక్కన పెట్టుకుని చూసుకోండి.

కాబట్టి మీకు నా సలహా ముందు రెండు చక్రాలున్న, ఒరగని, క్లచ్ లేని టూరింగ్ బండి. అది దొరకకపోతే, లేదా పాదం బ్రేకు మీకు నచ్చకపోతే, కంపెనీ నుంచి అలాగే తయారై వచ్చిన వెనక రెండు చక్రాల బండి. కిట్ ఆఖరున. కానీ నా మాట మీద కొనేయకండి. రెండు రకాలనూ అద్దెకో అరువుకో తీసుకుని ఒక్కోదాన్ని కనీసం సగం రోజు నడపండి. పావుగంట నడిపితే ప్రతి ట్రైకూ తప్పుగానే అనిపిస్తుంది, అది చేతుల పాత అలవాటు చెప్పే తీర్పు. మూడో గంటలో భుజాలు ఏమంటున్నాయో, మోకాలు ఏమంటోందో వినండి. పాత బండిని ఆ తర్వాతే అమ్మాలో ఉంచాలో ఆలోచించవచ్చు, అందాకా బ్యాటరీ తీగ తీసేసి కప్పి ఉంచండి.

మీ శ్రీమతిని మాత్రం మొదటి నెల ఎక్కించుకోకండి, ఎంత అడిగినా సరే. ఆమె మళ్లీ నమ్మడానికి ఒకసారే అవకాశం ఇస్తారు. మీ చేతులు కుదురుకున్నాక ఒక ఉదయం, మలుపులు తక్కువున్న దారిలో, ఇరవై కిలోమీటర్లకు మించకుండా తీసుకెళ్లండి. తిరిగి వచ్చాక పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, రెండు పాదాలూ పలకల మీదే ఉంచి కూర్చోండి. ముందు ఆమెను దిగనివ్వండి.